కోదండరామ్ గారి సముద్రం

విండ్సర్‌లో కోదండరామ్ గారిని ఏ ప్రశ్న అడిగినా జవాబు సముద్రం నుంచి మొదలవుతుంది. కరివేపాకు ఎక్కడ దొరుకుతుందని అడిగిన పాపానికి కొత్తగా వచ్చిన ఒక జంట పార్కింగ్‌లో నిలువుకాళ్ళ మీద నిలబడిపోయింది. "ముందొకటి అర్థం చేసుకోవాలి బాబూ. కోట్ల ఏళ్ళ కింద ఇక్కడంతా సముద్రం!" ఆయన కరివేపాకు దాకా వచ్చేసరికి కొట్టు కట్టేశారు.

పాపం, ఆయన తప్పేం లేదు. కాల్గరీలో ఒక ఆయిల్ కంపెనీలో ఆయన ఉద్యోగమంతా ఒకటే పని. ఏ బావిలో ఎవరి వాటా ఎంత, అది ఎందుకు మారింది. రిటైరై ఇక్కడికొచ్చాక వాటాలు పోయాయి, వివరణ మిగిలింది. ఆయన ఎదురొస్తే జనం మోగని ఫోన్ చెవిన పెట్టుకుని పక్కకి తప్పుకుంటారు. అదే ఊళ్ళో ఉండే వైదేహి కూడా అంతే. అలాంటిది, ఈ వేసవిలో తనే వెళ్ళి ఆయన తలుపు తట్టాల్సి వచ్చింది.

వైదేహి నాన్నగారు లెమింగ్టన్ దగ్గర కొన్న పొలంలో ఒక గ్యాస్ బావి ఉంది. భూమి యజమానికి కంపెనీ ఇచ్చే రాయల్టీ, ఆయన పోయాక వైదేహికీ తమ్ముడు మహీధర్‌కీ చెరిసగం వస్తోంది. ఆ మధ్య చూస్తే ఆమె వాటా సగానికి పడిపోయింది. తమ్ముడే ఏదో చేసి ఉంటాడనుకుంది. అడిగితే ఏమనుకుంటాడోనని అడగలేదు, అడక్కుండానే మాటలు మానేసింది. హామిల్టన్‌లో ఉన్న మహీధర్ కూడా ఫోన్ చేయడం మానేశాడు. తప్పు చేసినవాడికి మొహం ఎక్కడుంటుందని సరిపెట్టుకుంది గానీ, పుట్టింటి తరఫున ఆమెకు మిగిలింది వాడొక్కడే. రోజూ ఏడుపొచ్చేది.

ఆమె తెచ్చిన రాయల్టీ కాగితం చూడగానే కోదండరామ్ గారి కళ్ళు మెరిశాయి.

"వైదేహీ, ఇక్కడంతా ఒకప్పుడు..."

"సముద్రం అంకుల్, తెలుసు. నా షేర్ ఎందుకు తగ్గింది?"

"తొందరపడకూడదమ్మా. ఓనర్లిద్దరూ ఎదురుగా ఉంటే గానీ చెప్పను. ఆదివారం భోజనానికి రా. మీ తమ్ముణ్ణి నేను పిలుస్తా."

మొదటి ఆదివారం అక్కాతమ్ముళ్ళు బల్లకి చెరో చివర కూర్చున్నారు. సాయంత్రానికి సముద్రం ఎండింది, అంతే. ఆ పై వారం బురద రాయిగా మారుతుంటే మహీధర్ ఆవలింత ఆపుకోలేక అక్క వంక చూశాడు. ఆమెకు నవ్వాగలేదు. గ్యాస్ రాతి సందుల్లోకి చేరే వారానికి ఇద్దరూ వంటింట్లో గిన్నెలు కడుగుతూ అంకుల్‌ని ఇమిటేట్ చేస్తున్నారు.

ఆ నవ్వులోనే మహీధర్ అన్నాడు, "అక్కా, కోప్పడనంటే ఒకటి చెప్తా. నా షేర్ సగమైతే, నువ్వే ఏదో సైన్ చేశావనుకున్నా."

వైదేహి చేతిలో గిన్నె జారింది. "నీదీ తగ్గిందా?"

ఇద్దరూ తడి చేతులతోనే హాల్లోకి పరుగెత్తారు.

"అవునమ్మా, ఇద్దరిదీ తగ్గింది" అన్నారు కోదండరామ్ గారు. "మీ పొలమంతే ఉన్న పక్క పొలాన్ని కూడా కంపెనీ వాళ్ళు ఆ బావి లెక్కలో కలిపారు. గ్యాస్ రెండింటి కిందా ఒకటే కాబట్టి వాళ్ళకీ భాగం. మిమ్మల్నెవరూ మోసం చెయ్యలేదు."

అంతే. ఆయన ఇంత పొట్టిగా మాట్లాడగలరని ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఆయన భార్య అన్నపూర్ణ గారు నవ్వారు. "మొదటి రోజే తెలుసమ్మా ఈయనకి. నీకంటే ముందే మీ తమ్ముడూ ఇదే అడగడానికి ఫోన్ చేశాడు. ఫోన్లోనే చెప్పేయొచ్చుగా అని నేనంటే, చెప్పేస్తే లెక్క తేలుతుంది, వాళ్ళు మాత్రం మాట్లాడుకోరు అన్నారు."

ఈయన్నా తను తప్పించుకు తిరిగింది! వైదేహికి సిగ్గేసింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

లెక్క తేలిపోయింది గనక మహీధర్ బయల్దేరదామని జేబులోంచి కారు తాళాలు తీశాడు. వైదేహి వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుంది.

"అంకుల్, గ్యాస్ రెండు పొలాల కిందా ఒకటేనని ఎలా తెలుస్తుంది? నాకు మొదట్నుంచీ చెప్పండి."

కోదండరామ్ గారి మొహం వెలిగిపోయింది. మహీధర్ తాళాలు జేబులో వేసుకుని, అక్క పక్కకి కుర్చీ లాక్కున్నాడు.