అవ్వ నన్ను వదిలేసిన బస్సు

నా చిన్నప్పుడు, ఇంకా అక్షరాలు కూడా రాని వయసులో, మా అవ్వ నన్ను నడుస్తున్న బస్సులో చేతుల్లోంచి వదిలేసింది. హైస్కూలు రోజుల నుంచి ఈనాటి దాకా రోజూ డైరీ రాసుకునే అలవాటు నాది. పాతవి తిరగేస్తే అందులో సగం సంగతులు ఎవరివో అనిపిస్తాయి. ఎక్కడా రాసి లేని ఆ పొద్దు మాత్రం నా వీపుకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పట్లో శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు పొద్దున ఒకటే బస్సు. వారపు అంగడి రోజైతే అందులో కాలు పెట్టే సందుండేది కాదు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి రుమాల్ విసిరితే ఆ సీటు విసిరినవాడిది. మా వైపు రుమాల్ అంటే తలకు చుట్టుకునే గుడ్డ, మనిషి పరువు. ఇంకో పద్ధతి కూడా ఉండేది. సీటు దొరికినవాళ్లు నిలబడ్డవాళ్ల పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకునేవారు. ఎవరి పిల్ల, ఏ ఊరు అని అడిగేది లేదు. చేతికందిస్తే తీసుకోవడమే.

ఆ రోజు చెరువు చేపలు అమ్ముకునే ఒక పడుచువాడు గంపతో ఎక్కాడు. గంప అడ్డం ఉండి సీటు మీది తెల్ల రుమాల్ అతనికి కనబడలేదు. దాని మీదే కూర్చున్నాడు. రుమాల్ విసిరిన పటేల్ జనాన్ని తోసుకుంటూ వచ్చేసరికి బస్సు కదిలింది.

"ఎవని రుమాల్ కింద ఏసుకున్నవ్‌రా?"

"సూడలే పటేలా, తప్పయింది. లేస్తున్న..."

లేవనివ్వలేదు. జుట్టు పట్టి తలను కిటికీ ఊచకు కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. పెదవి చీలి నెత్తురు గడ్డం మీదుగా చేపల్లోకి కారింది. గంప బోర్లా పడి చేపలు అందరి కాళ్ల కింద నలిగాయి. కండక్టర్ ఈల ఊదాడే కానీ దగ్గరికి రాలేదు. "సంపుతవా ఏంది పటేలా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ మాటతో ఆయన ఇంకా రేగిపోయాడు. రుమాల్ లాగి ఆ పడుచువాడి మెడకు చుట్టి రెండు కొసలూ బిగించాడు. అతని కాళ్లు బస్సు నేలను తన్నడం, తన్నుడు నెమ్మదించడం నేను చూశాను.

నన్ను చంకనేసుకుని నిలబడ్డ అవ్వ అప్పుడు ముందుకు జరిగింది.

"కొడుకా, జర మా పోరని పట్టుకో. నా కాళ్లు ఆగుతలెవ్వు."

"పక్కకు జరుగు ముసల్దానా!"

అవ్వ జరగలేదు. బిగించిన ఆ రెండు చేతుల మీదుగా నన్ను ఎత్తి, వదిలేసింది.

అందించలేదు, వదిలేసింది. బస్సు మలుపు తిరుగుతోంది.  పటేల్ చేతులు రుమాల్‌ను విడిచి నన్ను పట్టుకున్నాయి. ఆయన ఆలోచించి పట్టుకున్నాడని నేను అనుకోను. ఆ బస్సులో ఎన్ని ఏళ్లుగా ఎంతమంది పిల్లల్ని పట్టుకున్నాయో ఆ చేతులు.

"వదలకు బిడ్డా, పడ్తడు," అంది అవ్వ. తాను కింద చేపల మధ్య కూలబడి, సీటు మీంచి జారి దగ్గుతున్న ఆ పడుచువాడి మెడకున్న రుమాల్ విప్పి, దానితోనే అతని మూతి తుడిచింది.

పటేల్ నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన గుండె నా వీపును గుద్దుతోంది. ఆయన చేతుల మీది నెత్తురు నా అంగీకి అంటింది. నేను ఏడవలేదు, భయానికి ఆయన తెల్ల పంచె మీద ఉచ్చ పోసేశాను.  ఆయన పంచె వంక చూసుకున్నాడు.

"ఏమే అవ్వా, నీ మనుమడు పోశిండు."

"పోస్తే పోశిండు గని, దించకు. గీ పిలగాన్ని అత్వెల్లిల దిగనియ్యి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు, నన్ను దించనూ లేదు. అత్వెల్లిలో ఆ పడుచువాడు ఖాళీ గంప పట్టుకుని, మెడ తడుముకుంటూ తన కాళ్ల మీద తానే దిగిపోయాడు. నా వీపు మీది గుద్దుళ్లు అప్పటికి నెమ్మదించాయి. మేడ్చల్‌లో పటేల్ నన్ను అవ్వకు అందించి, ఉత్త తలతో జనంలోకి వెళ్లిపోయాడు. రుమాల్ సీటు కింద అలాగే ఉంది.

అంగడిలో నేను అవ్వను అడిగాను, ఎందుకు వదిలినవని.

"పట్టుకుంటడని."

"పట్టుకోకపోతే?"

 అవ్వ ఇల్లు చేరేదాకా నా మణికట్టు వదలలేదు. గాజుల అచ్చులు పడేంత గట్టిగా పట్టుకుంది.

రెండు వేల సంవత్సరం దాటాక, నేను రిటైరైన కొత్తలో, అదే దారిన మనుమరాలితో బస్సెక్కాను. చేలన్నీ ప్లాట్లయ్యాయి, రుమాళ్లు పోయి జేబులో పట్టే దస్తీలు వచ్చాయి. సీటు మీద వేసిన దస్తీ కోసం ఇద్దరు కుర్రాళ్లు తగువు పడ్డారు. ఒకడు రెండోవాడి కాలర్ పట్టి ముఖం మీద గుద్దుతున్నాడు, వాడి ముక్కు పగిలింది. అందరూ కిటికీల వైపు తిరిగారు. నేను లేచి, "జర మా పిల్లను పట్టుకో నాయినా" అన్నాను. చేతులు చాచానే గానీ, నా వేళ్లు పిల్లను వదలడానికి ఒప్పుకోలేదు.  ఆ కుర్రాడు నన్ను చూశాడు, పిల్లను చూశాడు, కాలర్ వదిలి తీసుకున్నాడు. అప్పుడు గానీ నా వేళ్లు విడివడలేదు.

దిగాక మనుమరాలు అడిగింది, "తాతా, ఆ అన్న నన్ను పడేస్తే?"

 ఊరు చేరేదాకా నేనూ దాని మణికట్టు పట్టుకునే నడిచాను.