బుట్టలో ఫోన్లు, కంప్యూటర్‌లో కాల్

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. ఎవరైనా వాటి గురించి మొదలుపెడితే, ముందు మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందా అని అడుగుతాను. అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. సీపీయూకి నిమ్మకాయ కట్టినవాళ్ళనీ, ప్రింటర్ ముందు అగరొత్తి వెలిగించినవాళ్ళనీ చూశాను. విప్పి చూస్తే లోపల దుమ్ము ఉంటుంది, లేకపోతే చచ్చిన బల్లి ఉంటుంది. కాబట్టి ఈ సంగతి విని నన్ను ఎవరూ తమ జట్టులో కలుపుకోవద్దు.

అంబాజీపేట దగ్గర వెంకట్రాజు గారని ఒక కొబ్బరికాయల వ్యాపారి ఉన్నారు. ఆయన దగ్గర దింపు తీసేవాళ్ళు, అంటే చెట్లెక్కి కాయలు కోసేవాళ్ళు, పొద్దున్నే తోటకి బయల్దేరే ముందు తమ ఫోన్లు ఆయన బల్ల మీదున్న ప్లాస్టిక్ బుట్టలో పెట్టి వెళ్ళాలి. చెట్టు మీద ఉండగా ఫోన్ మోగితే చెయ్యి దాని మీదికి పోతుందని ఆయన పెట్టిన నియమం. మంచి నియమమే. ఆ తర్వాత ఆయనకి పుట్టిన ఆలోచనే దరిద్రం.

బుట్టలో మోగుతున్నది ఎవరి ఫోనో వెతుక్కోలేక, ఆయన అన్నిటినీ తన కంప్యూటర్‌కి కలిపేసుకున్నారు. అలా కలిపితే ఫోన్‌కి వచ్చిన కాల్ కంప్యూటర్‌లో మోగుతుంది, అక్కడే మాట్లాడుకోవచ్చు. సొంత ఫోన్ ఒక్కటీ కలుపుకుంటే సౌకర్యమే. ఈయన జట్టు మొత్తానివీ కలిపి, ఎవరి అత్తగారు ఫోన్ చేసినా తన స్పీకర్లలోనే గోల పెట్టేలా చేసుకుని, కంప్యూటర్‌కి పిచ్చెక్కిందని నాకు కబురు పెట్టారు. పిచ్చి దేనికి ఎక్కిందో నేను చెప్పలేదు.

నేను వెళ్ళేసరికి పొద్దెక్కింది. మనుషులు అప్పటికే తోటల్లో ఉన్నారు. పక్కనున్న పాకలో మంగ అనే ఆమె కాయలు ఏరుతోంది. ఆమె భర్త సత్తిబాబు ఆవేళ కాలవ అవతల తోటలో దింపుకి వెళ్ళాడు.

బుట్టలోంచి ఒక్కో ఫోనూ తీసి, కంప్యూటర్‌తో ఉన్న లంకె తీసేసి, స్విచాఫ్ చేశాను. రాజు గారి ఫోన్ కూడా ఆపించాను. కంప్యూటర్‌లో బ్లూటూత్ ఆపేశాను. నెట్ వైరు పీకేశాను. ఇక మోగడానికి ఏమీ లేదని రాజు గారికి చెబుతుండగానే కంప్యూటర్ మోగింది.

తెర మీద సత్తిబాబు పేరు ఉంది. బుట్టలోంచి సత్తిబాబు ఫోన్ తీసి చూశాను. ఆపేసే ఉంది. లంకె ఇంకా ఎక్కడ మిగిలిందో చూద్దామని, విసుగ్గానే కాల్ ఎత్తాను.

గాలికి మట్టలు కొట్టుకుంటున్న చప్పుడు. తర్వాత ఒక మగ గొంతు, ఏ కంగారూ లేకుండా. "రాజు గారండీ, మోకు తెగేలా ఉందండి. నన్ను దిగమని కేకేయించండి. ఇంకో మాటండి..."

నేను కట్ చేశాను. చెడిపోయిన కంప్యూటర్‌తో కబుర్లు చెప్పే అలవాటు నాకు లేదు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో మంగ ఉంది.

"మా ఆయన గొంతండి అది."

పాత వాయిస్ మెసేజ్ ఏదో ఇరుక్కుని ఇప్పుడు బయటికొచ్చిందని చెప్పాను. ఫోన్ ఇక్కడుంటే మనిషి చెట్టు మీంచి ఎలా చేస్తాడు, కొబ్బరికాయతోనా అని కూడా అన్నాను. 

"ఆయ్, అంతే అయ్యుంటదండి. నేను మాత్రం వెళ్తానండి," అంది.

రాజు గారు వెంటనే స్కూటర్ తీశారు. చదువుకున్న మనిషి, పెట్టిన ఫ్యాను పెట్టినట్టే వదిలేసి పరిగెత్తడం చూసి నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు వచ్చేలోగా ఆ మెసేజ్ పట్టుకుని ముఖం మీద పెడదామని కూర్చున్నాను. అలాంటిది లేదు. వచ్చిన కాల్స్ చిట్టాలో ఆ కాల్ కూడా లేదు.

కాసేపటికి ముగ్గురూ వచ్చారు. సత్తిబాబు భార్య మీద రుసరుసలాడుతున్నాడు. తను చెట్టు సగం ఎక్కాక, ఆవిడ కింద నిలబడి ఏడుస్తూ కేకలేసిందట. నలుగురిలో పరువు తీస్తోందని తిట్టడానికే దిగాడట. రాజు గారు అతని మోకు తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టారు. చెట్టుకీ నడుముకీ కలిపి చుట్టుకునే తాడు అది, మనిషి బరువంతా దాని మీదే. చెట్టుకి ఒరుసుకునే వైపు పురి మొత్తం తెగిపోయి, ఒక్క పాయ మీద ఉంది. పైనుంచి చూస్తే కనిపించదు. ఇంకో చెట్టు ఎక్కేదాకా కూడా ఆగేది కాదు.

సత్తిబాబు ఆ ఒక్క పాయనీ వేలితో తడిమి చూశాడు.  తాను ఎవరికీ ఫోన్ చేయలేదనీ, మోకు బాగానే ఉందనుకున్నాననీ అతను తర్వాత మెల్లగా చెప్పాడు.

ఆ వారంలోనే రాజు గారు కంప్యూటర్‌కి బొట్టు పెట్టారు. నేనే తుడిచేసి, మళ్ళీ పెడితే ఇంకొకర్ని చూసుకోమన్నాను. దేవుడే మాట్లాడాడని కొందరు, సత్తిబాబు వాళ్ళ చనిపోయిన నాన్న అని కొందరు అన్నారు. దేవుడికి ఆ డొక్కు స్పీకర్లు తప్ప దారి లేదా అని అడిగాను. మా వృత్తివాళ్ళూ అంతకన్నా ఘనులేం కాదు. సాఫ్ట్‌వేర్ లోపం అన్నారు. ఏ లోపం, ఎక్కడ అంటే అప్‌డేట్ చేసి చూడమన్నారు. తెలియనిదానికి ఇంగ్లీషు పేరు పెట్టేస్తే తెలిసిపోయిందనుకునే రకం. నన్ను అడిగితే నాకూ తెలియదు. ఆ మాట చెప్పాల్సి రావడం నాకు అసహ్యంగా ఉంది.

మొన్న పొద్దున్నే ఫోన్‌కి స్క్రీన్‌గార్డ్ వేయించుకునే వంకతో సత్తిబాబు మా షాపుకి వచ్చాడు. వేశాక కూడా కదల్లేదు.

"మేడమ్ గారండీ, ఇంకో మాటండి అన్నానంట కదండి. మీరు కట్ చేసేసేరంట. ఏం చెప్పబోయేనండీ?"

అన్నది మీరు కాదు కదా అన్నాను.

"ఆయ్, నేను కాదండి. గొంతు నాదే కదండి మరి."

తెలియదని చెప్పాను. కొత్త స్క్రీన్‌గార్డ్ కింద మిగిలిన బుడగని వేలితో నొక్కాడు. తర్వాత, దింపుకి టైమైపోతోందని వెళ్ళిపోయాడు.