తేనె సీసా మూత

బడి వ్యాన్ నడిపే అతను ఆ రోజు పొద్దున ల్యాబ్ కౌంటర్ మీద గుడ్డసంచి పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కౌంటర్ వెనకున్న ల్యాబ్ అక్క గ్లవుజులు తొడుక్కుని, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, మూత తెరిచింది. లోపల అన్నం, మీద ఉడికించిన గుడ్డు. దాన్ని ఓసారి పరకాయించి చూసి, మూత జాగ్రత్తగా పెట్టేసింది.

"దీనికి ఇక్కడ పరీక్ష చెయ్యం తమ్ముడూ. రెండో సంచి ఎక్కడ?"

రెండో సంచి బడిలో ఉంది. వ్యాన్ మామ అన్నం మర్చిపోయి వెళ్ళాడనుకుని, బడి ఆయా ఎంతో ప్రేమగా దాన్ని టీచర్ల ఫ్రిజ్‌లో పెరుగు పక్కన సర్దింది. అతను పరుగున వెళ్ళి, ఎవరూ తెరవకముందే దాన్ని తెచ్చుకునేసరికి, డాక్టరు గది ముందు కుర్చీలు సగం ఖాళీ అయిపోయాయి.

అతని ఉద్యోగం ఆ సంచిలోనే ఉంది. ఏటా వ్యాన్ నడిపేవాళ్ళంతా ఆరోగ్యం బాగుందని డాక్టరు సంతకం తేవాలి. మిగతావాళ్ళు ఎప్పుడో తెచ్చేశారు. ఇతను రేపు, ఎల్లుండి అంటూ ఆఖరి రోజు దాకా లాగాడు. ఇవాళ డాక్టరు వెళ్ళిపోయేలోగా సంతకం పడకపోతే, రేపటి నుంచి ఆ వ్యాన్ తాళంచెవి ఇంకొకరి జేబులో ఉంటుంది.

లాగింది బద్ధకంతో కాదు. వాళ్ళ నాన్న లారీ నడిపేవాడు. షుగరు ముదిరి చూపు పోయింది. తర్వాత గుమ్మంలో కూర్చుని, వీధిలో పోయే బండి చప్పుడు విని అదేం బండో చెప్పేవాడు. అందరూ మెచ్చుకునేవాళ్ళు. కొడుక్కి మాత్రం ఆ ఆట ఎప్పుడూ నచ్చలేదు.

ల్యాబ్ అక్కకి ఆ వీధిలో భయపడని మగవాడు లేడు. ఆమె ఎవరినీ ఏమీ అనదు, గొంతే కాస్త పెద్దది. "పొద్దున లేవగానే వచ్చేది పట్టాలి. ముందు శుభ్రంగా కడుక్కోండి. మొదట కాస్త వదిలేసి, మధ్యలోది డబ్బాలో పట్టండి" అని వరండా చివరిదాకా వినపడేలా చెబుతుంది. పెద్దమనుషులు తమ చెప్పులకేసి చూసుకుంటూ తలలూపుతారు. సిగ్గుపడి "అది తెచ్చానండీ" అన్నవాళ్ళని "ఏది?" అని ఒక్కసారైనా అడగందే వదలదు. ఓసారి ఇంట్లో భర్త టీ గ్లాసుని కిటికీ వెలుగుకి ఎత్తి "రంగు ముదురుగా ఉంది, నీళ్ళు సరిగ్గా తాగట్లేదు" అందట. ఆయన ఆనాటి నుంచి స్టీలు గ్లాసులోనే తాగుతున్నాడు.

కానీ పనిలో దిగితే ఆమెకి నవ్వు ఉండదు. వ్యాన్ అతను తెచ్చిన సీసాలోంచి మూత్రం కాస్త గొట్టంలో పోసి, రంగు చూసింది. ఎండుగడ్డి రంగు. ఫర్వాలేదు. చిన్న చిన్న రంగు గడులు అంటించిన పట్టీ ఒకటి తీసి ముంచి, బయటికి తీసి, అంచు కాగితానికి అద్ది, డబ్బా మీదున్న రంగుల వరస పక్కన పెట్టింది. ఒక్కో గడి ఒక్కో సంగతి చెబుతుంది. ప్రొటీన్ పోతోందా, రక్తం ఉందా, చీము ఉందా, చక్కెర ఉందా అని.

అతను గోడ మీది క్యాలెండరు చూస్తున్నట్టు నిలబడి, పట్టీనే చూస్తున్నాడు. నీలంగా ఉన్న గడి ఒకటి ఆకుపచ్చగా మారింది. మారి అక్కడ ఆగలేదు. గోధుమరంగులోకి దిగిపోయింది.

"అదేంటక్కా?"

"షుగరు."

"ఎక్కువా?"

"గట్టిగానే చూపిస్తోంది."

అతను కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చున్నాడు. అదృష్టం, ఉంది.

పక్క కొట్టులో బట్టలు కుట్టే వాళ్ళక్కకి ఆ కబురు ఎవరు చేరవేశారో తెలియదు. మెడలో టేపుతోనే వచ్చి నిలబడింది. సంగతి విని, కౌంటర్ మీదికి వంగి గొంతు తగ్గించింది.

"ఒక్క గడే కదండీ. మీరు చూడలేదనుకోండి. లేదని రాసెయ్యండి."

"రాస్తే నా పెన్ను ఏమీ అరిగిపోదు. రేపు పిల్లల్ని ఎక్కించుకున్నాక వీడికి కళ్ళు మసకబారితే?"

"అయితే ఉందని రాస్తారా? వాడి నోటి దగ్గర కూడు తీస్తారా?"

"అదీ రాయను."

అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆమె మొహంలోకి చూశారు. ఆమె మాత్రం సీసాకేసి చూస్తోంది. పొట్టిగా, మందంగా, ముచ్చటైన గాజు సీసా.

"నిన్న నేనిచ్చిన కొత్త డబ్బా ఏది?"

టైలరమ్మ టేపు సర్దుకుంది. "అది చక్కగా ఉంది కదా అని... మూత కూడా బిగుతుగా పడుతోంది. అలాంటి పనికి పాడుచెయ్యడం ఎందుకని గుండీలు పోసుకున్నా. దీన్ని సబ్బు పెట్టి కడిగానమ్మా. మా ఇంట్లో కడగని సీసా ఉండదు."

"కడక్కముందు ఇందులో ఏముండేది?"

తమ్ముడే మెల్లగా తలెత్తాడు.

"తేనె."

ల్యాబ్ అక్క సీసా మూత తిప్పి చూసింది. లోపలి అట్టబిళ్ళ అంచున బంక కనపడింది. దాన్ని చుక్క నీళ్ళతో తడిపి, కొత్త పట్టీ అద్దింది. నీలం గడి చూస్తుండగానే గోధుమరంగుకి తిరిగింది.

"హమ్మయ్య" అంటూ అక్క తమ్ముడి వీపు మీద చరిచింది. "చూశావుటరా, తేనే."

"తొందరపడకండి. మూతలో తీపి ఉందని తేలింది. ఇతనిలో లేదని ఇంకా తేలలేదు." ల్యాబ్ అక్క అతని వైపు తిరిగింది. "దాహం ఎక్కువగా వేస్తోందా?"

"వేస్తుంది. పిల్లల మీద అరిచి అరిచి."

"మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తోందా? బరువు తగ్గావా?"

"తగ్గడమా?" అంది టైలరమ్మ. "వీడి నడుం కొలత నన్నడగండి. ఏటా ప్యాంటు విప్పి కుట్టలేక చస్తున్నా."

ల్యాబ్ అక్క కొత్త డబ్బా అతని చేతికిచ్చి, వరండా చివర తలుపు చూపించింది.

అతను లోపలికెళ్ళాడు. గడియ పడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. కుర్చీల్లో మిగిలినవాళ్ళు ముందు మర్యాదకి గోడలు చూశారు, తర్వాత తలుపునే చూడసాగారు. డాక్టరు గదిలోంచి నర్సు తొంగిచూసి, "ఇంకెవరైనా ఉన్నారా? సారు బయల్దేరుతున్నారు" అంది.

టైలరమ్మ తలుపు దగ్గరికెళ్ళింది. "ఏమైందిరా?"

"నువ్వక్కడ నిలబడితే ఎలా వస్తుందే?"

"కుళాయి తిప్పి చూడు బాబూ" అని ఓ ముసలాయన కుర్చీలోంచే సలహా ఇచ్చాడు. లోపల కుళాయి ధార మొదలైంది. కుళాయిది మాత్రమే.

టైలరమ్మ చెంబు నిండా నీళ్ళు పట్టుకొస్తే ల్యాబ్ అక్క అడ్డుపడింది. "ఒక్క గ్లాసు చాలు. అంతకి మించితే పలచబడిపోయి, ఉన్నది కూడా కనపడదు."

తలుపు సందులోంచి గ్లాసు లోపలికి వెళ్ళింది, ఖాళీగా బయటికొచ్చింది. డాక్టరు స్కూటరు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వరండాలోకి వచ్చి, అందరూ చూస్తున్న వైపే చూసి, విషయం అర్థమై, ఏమీ అడగకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తాళంచెవుల చప్పుడు కూడా ఆపేశాడు.

చివరికి గడియ తీసిన చప్పుడు. అతను డబ్బాని రెండు చేతుల్లో, పక్షిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

పట్టీ మునిగింది, పైకి లేచింది. రంగుల వరస పక్కన పడింది.

"మారలేదక్కా" అన్నాడతను వెంటనే.

"ఆగు."

ఆమె గోడ గడియారం చూస్తోంది. అతను గడిని చూస్తున్నాడు. టైలరమ్మ ఇద్దరినీ చూడలేక కళ్ళు మూసుకుంది. అప్పుడే కిటికీలోంచి ఓ బండి చప్పుడు అతనికి వినపడింది. లారీ. చూడకుండానే తెలిసిపోయింది, నాన్నకి తెలిసినట్టే.

గడి నీలంగానే ఉంది. ఆమె చూడాల్సినంతసేపూ చూసింది, మిగతా గడులూ చూసింది.

"లేదు" అంది.

ముసలాయన తన సలహా ఫలించినట్టు తలూపాడు.

"కానీ విను. రక్తంలో బాగా పెరిగితేనే చక్కెర మూత్రంలోకి దిగుతుంది. ఇది గుమ్మంలోంచి తొంగిచూడటమే. మీ నాన్నకి ఉండేది కాబట్టి వచ్చేవారం పరగడుపున రా, రక్తం కూడా చూద్దాం. వస్తావా?"

"వస్తా." ఈసారి రేపు, ఎల్లుండి అనలేదు.

మిగతా పరీక్షలన్నీ ముందే అయిపోయి ఉన్నాయి. డాక్టరు కాగితం అక్కడే కౌంటర్ మీద పెట్టి సంతకం చేసి, తాళంచెవి మళ్ళీ తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. వ్యాన్ అతను దాన్ని జేబులో పెట్టుకుని, అన్నం డబ్బా ఈసారి మర్చిపోకుండా తీసుకుని, వ్యాన్ దగ్గరికి పరుగెత్తాడు.

టైలరమ్మ కదల్లేదు. "ఒక్క తేనె సీసాకి నా తమ్ముడి ప్రాణం తోడేశారు. వీధంతా వాడి కుళాయి చప్పుడు వింది. పైగా నా మంచి సీసా కూడా చెత్తలో పడేశారు."

ల్యాబ్ అక్క గ్లవుజులు విప్పి, అలమరలోంచి కొత్త డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇదిగోండి, ఇది మీ గుండీలకి, వచ్చే ఏడాది ఇచ్చేది మాత్రం మీ తమ్ముడికి."