మడి దండెం మీద మేజోళ్ళు

మామ్మగారు పోయారు. సోమవారం పొద్దున్నే వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "అమ్మ తెల్లవారుజామున వెళ్ళిపోయిందండీ. మీకు చెప్పకపోతే ఊరుకోదు" అన్నారు. పక్కగదిలోంచి ఆవిడ వింటున్నట్టే అన్నారు ఆ మాట. నేను కంకిపాడులో మా బడికి బయల్దేరుతున్నాను. ఒక కాలికి మేజోడు తొడుక్కున్నాను, రెండోది చేతిలోనే ఉండిపోయింది.

ఆవిడ నాకు చుట్టం కాదు. భవానీపురంలో మేం అద్దెకున్న ఇంట్లో పక్క వాటా ఆవిడ. భర్త రైల్వేలో పనిచేసి పోయారు, కొడుకు ఉద్యోగం రాజమండ్రిలో. ఆవిడ ఒక్కరే ఉంటూ, తకిలి మీద జంధ్యాలకి నూలు వడికేవారు. మా పేటలో ఎవరింట ఒడుగైనా పెళ్ళయినా పురోహితులు వచ్చి ఆవిడ దగ్గరే జంధ్యాలు పట్టుకెళ్ళేవారు. మహా మడి మనిషి. పొద్దున్నుంచి భోజనం అయ్యేదాకా ఆవిడ దరిదాపులకి ఎవరూ వెళ్ళకూడదు. పాలవాడు గిన్నె కింద పెట్టి, తనే వెనక్కి జరిగి నిలబడేవాడు. భోజనం అయ్యాక మాత్రం మడి విడిచి వెనక వసారాలో కూర్చుని, వచ్చేపోయే వాళ్ళందరినీ పేరుపేరునా ఆటపట్టించేవారు.

ఇక నా కాలు సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఈ నాలుగు ముక్కలూ రాసెయ్యాలని చూశాను, కుదరలేదు. ఇంటర్ చదివే రోజుల్లో నా ఎడమ కాలు వాయడం మొదలైంది. బోదకాలు. కాలవల పక్కన దోమల్లో పుట్టి పెరిగిన మా వైపు వాళ్ళకి ఇదేం వింత జబ్బు కాదు. వింత కానంత మాత్రాన సిగ్గు లేకుండా పోతుందా? కాలేజీలో ఎవరడిగినా బెణికిందని చెప్పేదాన్ని. ఏళ్ళ తరబడి బెణికే ఉన్న కాలు ప్రపంచంలో నాదొక్కటే అయ్యుంటుంది. నేల ఊడ్చేంత పొడుగు పావడాలు కుట్టించుకునేదాన్ని. "ఎవరితోనూ అనకే" అని మా అమ్మ ఒక్కసారే అంది. ఆ ఒక్కసారి చాలు.

డాక్టరు మందులిచ్చి, రోజూ సబ్బుతో కడిగి తడి లేకుండా తుడుచుకోమన్నారు. కూర్చున్నప్పుడు కాలు ఎత్తిపెట్టుకోమన్నారు. కాలికి బిగుతుగా సాగే మేజోడొకటి కొనుక్కోమన్నారు. బెంజ్ సర్కిల్ దగ్గర మందుల షాపులో అడిగితే "ఎవరికండీ?" అన్నాడు షాపతను. "మా నాయనమ్మకి" అన్నాను. తెచ్చి తొడిగితే మే నెల ఎండలో కాలు ఉడికిపోయి ఒళ్ళంతా దురద. తీసి బీరువా అడుగున పడేశాను.

ఒక మధ్యాహ్నం వసారాలో పీట మీద కాలు పెట్టుకుని, మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాను. మామ్మగారు నన్నూ తువ్వాలునీ చూసి, "ఊరికే కూర్చుంటావేం? వాపు కాలికేగా, చేతులకి కాదుగా" అన్నారు. ఆ మాటని మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఆవిడ మాత్రం కూరలో ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా అనేసి, లోపలికెళ్ళి ఒక తకిలీ, కాసిని దూది ఏకులూ తెచ్చి నా ఒళ్ళో పడేశారు.

"ఇది జంధ్యాల తకిలి కాదు, దాన్ని ముట్టుకున్నావంటే చంపుతాను. ఇది వేరే. దీనితో మేజోళ్ళకి వడుకుదువుగాని."

తకిలి మొన కొబ్బరి చిప్పలో ఆనించి కుడి చేత్తో తిప్పాలి. ఎడమ చేత్తో ఏకు పట్టుకుని మెల్లిగా పైకి లాగాలి. చెప్పడానికింతే. నేను లాగితే ఒకచోట జనపతాడంత లావు, ఒకచోట సాలెపోగంత సన్నం, ఆ వెంటనే పుటుక్కు. తెగినప్పుడల్లా మొహం మాడ్చుకునేదాన్ని. "పోగు తెగితే అలుగుతావేమే? అదేమన్నా నిన్ను తిట్టిందా? అతుక్కుని ముందుకి పద" అనేవారు. తెగిన చోట రెండు కొసల్నీ దూదిలా విప్పి, ఒకదానిమీద ఒకటి వేసి వేళ్ళతో పురి పెట్టేవారు. అతుకు ఎక్కడుందో నాకు కనిపించేది కాదు. వానాకాలం వచ్చేసరికి నా పోగు కూడా ఓ మాదిరిగా నిలబడింది. రెండు పోగులు కలిపి పేని ఉండ చుట్టి, దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అంతకు ముందు నేను చేసిన పని ఏదీ చేత్తో పట్టుకోడానికి దొరకలేదు.

అల్లిక ఆవిడకి ఉత్తరాదిన రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పుడు పక్కింటి పంజాబీ ఆవిడ నేర్పిందట. చలిదేశం విద్య విజయవాడకి తెచ్చుకున్న మనిషి ఈవిడొక్కరే. అల్లిక పుల్లలు దొరక్కపోతే సైకిలు చువ్వలు కొనుక్కొచ్చి, రెండు కొసలూ నూరి నున్నగా చేసి ఇచ్చారు. మేజోడు గుండ్రంగా రావాలంటే అలాంటివి నాలుగు కావాలి. "ఉల్టా, సీదా, ఉల్టా, సీదా" అని ఆవిడ హిందీలో పాఠం చెబుతుంటే మా అమ్మ కిటికీలోంచి నవ్వేది.

కాలి కొలత దారంతో తీసుకుని ముడులు వేసి తెమ్మన్నారు. నేను గదిలో తలుపేసుకుని దారాన్ని బిగలాగి, ముడులన్నీ దగ్గర దగ్గరగా వేసి తెచ్చాను. డిగ్రీలో నాది లెక్కలు. అయినా నా కాలు లావు పైకి చెప్పడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. ఆ కొలతతోనే అల్లాను. తీరా తొడిగితే మడమ దగ్గరే ఆగిపోయింది. మామ్మగారు కొత్త దారం తీసుకుని నా ముందు గచ్చు మీద కూర్చుని, పావడా అంచు తనే పైకి జరిపి, చీలమండకీ పిక్కకీ దారం చుట్టి, వేలు దూరేంత వదులు వదిలి ముడులు వేశారు. డాక్టరు కాకుండా నా కాలిని ముట్టుకున్న మొదటి మనిషి ఆవిడే. నేను తల పక్కకి తిప్పుకుని ఏడ్చాను. "ఏడుపు తర్వాత. ముందు ఇది విప్పి మళ్ళీ మొదలెట్టు" అన్నారు.

రెండోసారి అల్లిన మేజోడు పట్టింది. అది వేసుకుంటే కాలు సన్నబడిందని చెప్పను. కానీ చెమట పీల్చుకునేది, చెప్పు ఒరుసుకునేది కాదు, నడవగలిగేదాన్ని. చిక్కల్లా ఉతికి ఆరెయ్యడంలోనే వచ్చింది. జతకని కుడి కాలికి అల్లుకున్నది చిన్నది, ఎడమ కాలిది పెద్దది. అందరి బట్టలూ ఆరే తాడు మీద వేస్తే నా కాలి సంగతి పేటంతా చదువుకోవచ్చు. అందుకని గదిలో మంచం కింద ఆరేసుకునేదాన్ని. అవి ముక్కిన వాసన కొట్టేవి. కాలివేళ్ళ సందుల్లో చర్మం పాసింది. మామ్మగారికి కోపమొచ్చింది. "ఎండ తగలకపోతే పుండు పడుతుందే పిచ్చిమొహమా! తెచ్చి నా దండెం మీద పడెయ్యి. దానివంక తలెత్తి చూసే మగాడు ఈ పేటలోనే లేడు."

మడి దండెం అంటే తెలియని వాళ్ళకి చెబుతాను. వసారా చూరు దగ్గర ఎత్తుగా కట్టిన వెదురు గడ అది. తెల్లారి తడిపిన చీర కర్రతో దానిమీద ఆరేసుకుని, మర్నాడు మళ్ళీ కర్రతోనే తీసుకుని కట్టుకోవాలి. ఈలోగా ఇంకెవరి చెయ్యీ తగలకూడదు. అలాంటి దండెం మీద ఆవిడే కర్రతో నా మేజోళ్ళు ఆరేశారు. మర్నాటి నుంచీ రోజూ ఆవిడ చీర పక్కనే నా కాళ్ళు ఎండలో ఊగుతుండేవి.

అలా ఏడాది గడిచింది. మామ్మగారికి అన్ని పనుల్లోకీ భర్త తద్దినం వంట ప్రాణం. నెల ముందే నువ్వులు, మినప్పప్పు ఏరి డబ్బాల్లో పోసుకునేవారు. "ఏడాదికొక్కసారి ఆయనకి వడ్డించేది" అనేవారు. అంతకంటే ఆ ఊసు ఎత్తేవారు కాదు. ఆ ఏడు తద్దినానికి ముందురోజు తెనాలి నుంచి ఆవిడ ఆడపడుచు దిగారు. ఆవిడ మడి ఈవిడ మడికి రెండింతలు. చేతిసంచీ కింద పెట్టకుండానే దండెంకేసి చూశారు. నేను గోడకి ఇవతల ఉన్నాను, అన్నీ వినబడుతున్నాయి.

"వదినా, ఇదేమిటి? మడి దండెం మీద మేజోళ్ళేమిటి? అందులో ఒకటి గుమ్మడికాయకి తొడిగేంత ఉందేమిటి? ఎవరివి?"

ఆ ఆడపడుచు నోట పడ్డ మాట తెనాలి చేరేలోపు కృష్ణ రెండు గట్లమీదా తెలిసిపోతుంది.

"నావే" అన్నారు మామ్మగారు. "కాలు వాచింది. బోదకాలట. డాక్టరు వేసుకోమన్నాడు."

ఆడపడుచు గొంతు మెత్తబడింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, అదే నా ప్రాణానికొచ్చింది. "అయ్యో, ఎంత కష్టమొచ్చింది వదినా. అయితే ఇంక ఈ జబ్బు కాలితో తద్దినం వంట నువ్వు చెయ్యకూడదు. భోజనానికొచ్చే భోక్తలకి తెలిస్తే బావుండదు. నేను చేస్తాను, నువ్వు పక్కన కూర్చో."

గోడ అవతలికి వెళ్ళి "అవి నావండీ" అంటే అయిపోయేది. నేను గోడకి ఇవతలే నిలబడ్డాను. మామ్మగారు "సరే, చెయ్యమ్మా" అన్నారు.

ఆ సాయంత్రం మామ్మగారు పెద్ద మేజోడు దండెం మీంచి తీసుకుని మా వాటాలోకి వచ్చి, అందులో దూది కూరి తన కాలికి తొడుక్కున్నారు. తద్దినం అయ్యేదాకా చీర కుచ్చిళ్ళ కింద ఆ కాలు ఈడ్చుకుంటూ తిరిగారు. రాజమండ్రి నుంచి వచ్చిన కొడుకు ఏదో అడగబోతే కళ్ళతోనే నోరు మూయించారు. వంటింట్లో ఆడపడుచు గారెలు వేస్తుంటే గుమ్మం బయట గోడకి ఆనుకుని కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. ఎప్పుడూ తకిలి తిరిగే చేతులు అలా ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

ఆడపడుచు తెనాలి వెళ్ళిపోయాక మామ్మగారి దగ్గరికి ఏడుస్తూ వెళ్ళాను. "నేను ఆవిడకి ఉత్తరం రాసి నిజం చెప్పేస్తానండీ" అన్నాను.

"నోరుమూసుకో. ఆయన బతికినన్నాళ్ళూ నా వంటకి వంకలే పెట్టారు. ఇప్పుడు చెల్లెలి చేతి వంట తిని సంతోషిస్తార్లే" అని నవ్వారు. నవ్వు సగంలోనే లోపలికెళ్ళిపోయారు. ఆవిడ వద్దనడం నాకెంత హాయిగా అనిపించిందో ఇప్పుడు తలచుకుంటే నా మొహం నాకే చూపించుకోలేను.

ఆ తర్వాత ఏటా అదే తంతు. ఆడపడుచు వచ్చి వండేవారు, ఈవిడ గుమ్మం బయట కూర్చునేవారు. నాకు ఉద్యోగం వచ్చి కంకిపాడు వెళ్ళిపోయాక కూడా, తద్దినం దగ్గర పడేసరికి ఫోన్ వచ్చేది. "ఏమే, నా కాలు పంపించు" అనేవారు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. చివరికి ఆవిడ దగ్గరే ఉంచుకోమని ఇంకొకటి వడికి అల్లి పట్టుకెళ్ళి ఇచ్చాను. నిజం చెప్పాల్సిన చోట మేజోడు అల్లిచ్చాను. ఆవిడ దాన్ని ఎండలోకి పట్టి చూసి, "పోగు ఎంత సమంగా వచ్చిందే!" అని మురిసిపోయారు.

సోమవారం నేను వెళ్ళేసరికి ఆవిడని ముందు గచ్చు మీద పడుకోబెట్టారు. చెప్పులు గేటు దగ్గర విడిచి, మేజోళ్ళతోనే వెళ్ళి ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను. ఆడపడుచు బాగా ముసలావిడ అయిపోయారు. స్నానం చేయించడానికి చెంబుతో నీళ్ళు తీసుకుని, పాదాల మీది గుడ్డ జరిపి, అలాగే ఆగిపోయారు. రెండు పాదాలూ సన్నగా, తెల్లగా, ఒక్కలాగే ఉన్నాయి.

"వదినా" అన్నారు పోయినావిడతోనే. "కాలు ఎప్పుడు తగ్గిందే నీకు? నాతో ఒక్క మాట చెప్పలేదేం? చెబితే మొన్న నువ్వే వండుకునేదానివిగా."

కొడుకు మొహం తిప్పుకున్నారు. నేను ముందుకి వెళ్ళాను. సిగ్గుతో చెవులు మండుతున్నాయి. అన్నేళ్ళలో ఆ సిగ్గు రవ్వంత కూడా తగ్గలేదు.

"ఆ కాలు నాదండీ" అన్నాను. వంగి ఎడమ మేజోడు లాగేసి, చీర పిక్క దాకా ఎత్తిపట్టుకున్నాను. అంతమందీ చూశారు.

ఆడపడుచు నా కాలు చూశారు, వదినగారి కాళ్ళు చూశారు. "మరి నన్నెందుకు వండనిచ్చావే తల్లీ" అని గొణిగారు. అది ఎవరితో అన్నారో తెలియదు. తర్వాత చెంబు వంచి, ఆ రెండు సన్నటి పాదాల మీద మెల్లగా నీళ్ళు పోశారు. ఆ నీళ్ళు గచ్చు మీద పారుకుంటూ వచ్చి నా లావు కాలిని తడిపాయి. అక్కడే నిలబడ్డాను.