కాగితం వెనక వైపు

మా టీచర్‌గారు పోయారన్న ఈమెయిల్ చదివి వంటింట్లో నిలబడి ఏడుస్తుంటే, అమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "వీసా లాటరీలో పేరు రాకపోతే కొంపలేం మునగవే. వచ్చే ఏడాది వస్తుంది," అంది. నాన్న లాప్‌టాప్ మూసి లేచారు. "అవును తల్లీ. ఈలోగా ఎం.ఎస్. చేద్దువుగాని. స్టేటస్‌కి స్టేటస్, డిగ్రీకి డిగ్రీ."

టీచర్‌గారు పోయారని చెప్పాను.

"ఏ టీచరు?" అంది అమ్మ. ఆ తర్వాత గుర్తొచ్చింది. "అయ్యో పాపం. పెద్దావిడేగా?" అని పొయ్యి మీద పాల వైపు తిరిగింది.

మా ఇంట్లో నా ఏడుపుకి ఒకటే అర్థం, వీసా. నవ్వితే కేస్ అప్రూవ్ అయిందా అని అడుగుతారు. శనివారం పొద్దున్నే కారు తీస్తే ఎవరో అబ్బాయి ఉన్నాడనుకున్నారు. ఉన్నా బాగుణ్ణు, సిటిజన్ అయితే ఇంకా బాగుణ్ణు అనుకున్నారని తర్వాత తెలిసింది. నేను వెళ్ళింది డెబ్భై ఏళ్ళు దాటిన ఒక నల్లజాతి పెద్దావిడ దగ్గరికి, లైబ్రరీలో ఒక చిన్న గదికి, రెండు వందల ఏళ్ళనాటి అర్జీలు చదవడానికి.

నేను ఎనిమిదో ఏట వర్జీనియాలోని హెర్న్‌డన్ వచ్చాను. పదకొండో తరగతిలో ఆవిడ మాకు అమెరికా చరిత్ర చెప్పారు. మొదటి వారం అందరికీ సవరణలు చేరని తొలి రాజ్యాంగం ప్రతులు పంచి, అందులో బానిస అన్న మాట ఎక్కడుందో వెతకమన్నారు. మూడు రోజులు వెతికాం. దొరకలేదు. 'ఇతర వ్యక్తులు' అని మాత్రం ఉంది. "పేరు పెట్టడానికి సిగ్గుపడ్డారు. పని చేయించుకోవడానికి కాదు," అన్నారావిడ, కాగితాలు వెనక్కి తీసుకుంటూ. గొంతు పెంచలేదు. ఆవిడ ఎప్పుడూ పెంచలేదు. వెనక బెంచీలో వాళ్ళు ముందుకి వంగి వినాల్సొచ్చేది.

రిటైరయ్యాక ఆవిడ పెట్టుకున్న పని ఇది. సివిల్ వార్‌కి ముందు వర్జీనియాలో ఒక చట్టం ఉండేది. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళు ఏడాదిలోగా రాష్ట్రం విడిచి వెళ్ళాలి. వెళ్ళకపోతే పట్టుకుని మళ్ళీ అమ్మేయొచ్చు. ఉండాలంటే శాసనసభకి అర్జీ పెట్టుకోవాలి. అలాంటి అర్జీల నకళ్ళు తెచ్చుకుని ఆవిడ ఒక్కొక్కటే శుభ్రంగా తిరగరాసేవారు. సగం చెరిగిపోయిన చేతిరాత. కింద స్కేలు పెట్టి, భూతద్దంతో ఒక్కో లైనూ చదివేవారు. మొదలుపెట్టే ముందు వాచీ తీసి బోర్లా పెట్టేవారు.

ఆవిడకి ఒక నియమం ఉండేది. ప్రతి అర్జీకీ వెనక వైపు సభ గుమాస్తా ఒక్క మాట రాసేవాడు. సబబుగా ఉంది అనో, తిరస్కరించడమైనది అనో. ఆ వెనక వైపు నకలు రెండో కాగితంగా పిన్ను కొట్టి ఉండేది. అర్జీ మొత్తం తిరగరాసేదాకా దాన్ని తిప్పనిచ్చేవారు కాదు. మొదటిరోజే నా చెయ్యి అటు వెళ్తే టక్కున స్కేలు పెట్టి ఆపారు.

"ముందు ఈ అర్జీ పెట్టినావిడ చెప్పేది విను, హనీ. సభవాళ్ళు విన్లేదు. నువ్వన్నా విను."

వీటిలో మీవాళ్ళెవరైనా ఉన్నారా అని ఒకసారి అడిగాను. "తెలిస్తే ఇంకా వెతుకుతానా?" అన్నారు.

నాకు ఇరవై ఒకటి నిండిన రోజున, ఇంక పిల్లల లెక్కలోకి రానని, నాన్న గ్రీన్‌కార్డ్ క్యూలోంచి నా పేరు జారిపోయింది. అదే ఇంట్లో, అదే మంచం మీద పడుకుని, తెల్లారేసరికి ఫారిన్ స్టూడెంట్‌నయ్యాను. ఈ పత్రిక చదివే అంకుల్స్‌కీ ఆంటీలకీ ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ శనివారం అర్జీలు ముందేసుకుని, "ఇది అచ్చం మా కథే, మేడమ్," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీశారు. "కాదు. నిన్ను పొమ్మంటే విమానమెక్కుతావు. ఈవిడ పోతే పిల్లలు ఇంకొకరి సొత్తుగా ఇక్కడే ఉండిపోతారు. ఆ రెండూ ఎప్పుడూ కలపకు."

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మధ్యాహ్నం కార్లో కూర్చుని తన సాండ్‌విచ్ సగం తుంచి నాకిచ్చారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

పోయిన ఏడాదంతా మేం ఒకే మనిషి అర్జీలు చదివాం. బట్టలుతికే ఆవిడ. తనకి విడుదలొచ్చింది, పిల్లలకి రాలేదు. మొదటి అర్జీలో తనంత బాగా ఉతికేవాళ్ళు ఆ ఊళ్ళో లేరని రాయించుకుంది. తిప్పి చూస్తే తిరస్కరించారు. రెండోదాంట్లో ఉతుకు సంగతి లేదు. ఎవరికీ ఇబ్బంది కలిగించనని ఉంది. తిరస్కరించారు. మూడోదాంట్లో ఎవరి కంటా పడకుండా బతుకుతానంది. దానికీ అంతే.

టీచర్‌గారు మూడూ పక్కపక్కన పరిచారు. "చూడు, ప్రతిసారీ ఎంత చిన్నదైపోతోందో."

నాకు నా అప్లికేషన్లు గుర్తొచ్చాయి. కాలేజీకి రాసిన మొదటి వ్యాసంలో ఈ కౌంటీ చరిత్ర చదవాలనుందని రాశాను. నాన్న కొట్టేసి కంప్యూటర్స్ అని పెట్టించారు. తర్వాత స్టూడెంట్ వీసా ఫారంలో, ఈ దేశంలో ఉండిపోయే ఉద్దేశం నాకు లేదని రాశాను. "అందరూ రాసేదేనమ్మా, ఊరికే ఫార్మాలిటీ," అన్నారు నాన్న. ఆ సంగతి టీచర్‌గారికి చెప్పలేదు. కలపకూడదన్నారుగా.

చివరిసారి ఆవిణ్ణి వాళ్ళింట్లో చూశాను. మంచం కిటికీ పక్కకి జరిపారు. చూపు బాగా తగ్గిపోయింది. నాలుగో అర్జీ దొరికిందని చెప్తే చదవమన్నారు. సగంలో ఆవిడకి ఆయాసం వచ్చింది. చెయ్యెత్తి ఆపారు.

"ఇవాళ్టికి చాలు. వెనక్కి తిప్పకు."

నాతో అన్న ఆఖరి మాట అదే. తర్వాతి శనివారం మాకు రాలేదు. శుక్రవారమే ఈమెయిల్ వచ్చింది.

అంత్యక్రియల రోజు చర్చిలో వెనక వరసలో కూర్చున్నాను. పక్కనున్నావిడ, మీకు ఆవిడ ఏమవుతారని అడిగింది. స్టూడెంట్‌ని అన్నాను. ఇంటికొచ్చేసరికి నాన్న మూడు యూనివర్సిటీల డెడ్‌లైన్లు ఎక్సెల్‌లో పెట్టి ఉంచారు. "ఎందుకు చదువుతావో చెప్పే ఆ ఎస్.ఓ.పి. ఒక్కటి రాసెయ్, తల్లీ. మిగతాది నేను చూసుకుంటా." ప్రేమగానే అన్నారు. అదే కష్టం.

మర్నాడు లైబ్రరీలో ఆ గదికి వెళ్ళాను. వాచీ తీసి బోర్లా పెట్టాను. మిగిలిన సగం తిరగరాశాను. నాలుగోసారి ఆ బట్టలుతికే ఆవిడ ఉండనివ్వమని అడగలేదు. ఈ చలికాలం గడిచేదాకా అని మాత్రమే అడిగింది. వసంతం రాగానే వెళ్ళిపోతానంది. పిల్లల మాట అసలు లేదు.

అప్పుడు తిప్పాను. ఏమీ లేదు. తిరస్కరించినట్టు కూడా రాయలేదు. నకలులో బూడిదరంగు, మడత గీతలు, మూల మీద ఎవరిదో వేలి మరక.

చెప్పడానికి టీచర్‌గారు లేరు. ఆ బట్టలుతికే మనిషి ఏమైందో ఎవరికీ తెలియదు. ఇంక తెలియదు కూడా. రెండు కథలూ నేను కలపడం లేదు, టీచర్‌గారూ. నాకు విమానముంది. ఆవిడకి లేదు.

ఎం.ఎస్.కి అప్లై చెయ్యడం లేదు. ఎస్.ఓ.పి. రాసి ఇంకాస్త చిన్నదాన్ని కావడం లేదు. జులైలో ఇండియా వెళ్ళిపోతున్నాను.