తెలుగు అంటించిన కీబోర్డులు

నాలుగు కంప్యూటర్లను ఒక్క పూటలో ఎవరికీ పనికిరాకుండా చేయడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. వైరస్ అక్కర్లేదు, పిడుగు అక్కర్లేదు. ఒక ఇంజనీరింగ్ పట్టా, ఒక సీసా జిగురు, కాస్త భాషాభిమానం ఉంటే చాలు.

నాన్నగారి బ్యాంకు బదిలీతో మేం కలకత్తా వచ్చిన కొత్త. నాకింకా ఉద్యోగం రాలేదు. హౌరా వైపు టికియాపారాలో, వీధులూడ్చే మన తెలుగు ఆడవాళ్ల కోసం ఒక ట్రస్టు కంప్యూటర్ కేంద్రం పెట్టింది. అక్కడ ఉచితంగా పాఠాలు చెబుతానన్నాను. నాలుగు పాత కంప్యూటర్లు, గది, కరెంటు, అన్నీ ట్రస్టువే. ఏడాది చివర వచ్చి చూస్తారు. ఎవరైనా ఏదైనా నేర్చుకుంటే మరో ఏడాది నడుస్తుంది, లేదంటే కంప్యూటర్లు బండెక్కుతాయి. నేను చేరేసరికి ఆ తనిఖీకి ఇంకో నెలే ఉంది.

నేను పద్ధతి గల మనిషిని. ముందుగా పద్దెనిమిది ప్రశ్నల జాబితా రాసుకున్నాను. కరెంటు రోజుకెన్నిసార్లు పోతుంది? బల్ల ఎత్తెంత? పక్క పట్టాల మీద రైలు వెళ్తే గోడ ఎంత అదురుతుంది? (గ్లాసులో నీళ్లు పోసి మరీ చూశాను, నవ్వకండి.) ఏ లిపి చదవడం వచ్చు అన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. అందరూ గలగలా తెలుగు మాట్లాడుతున్నారు. చేపను పట్టుకుని ఈత వచ్చా అని ఎవరడుగుతారు?

తెలుగు టైపింగ్ సీడీ ఇంకా రాలేదు. అది వచ్చేలోగా అక్షరాలైనా సిద్ధంగా ఉండాలని, చక్కటి తెలుగు అక్షరాలు అచ్చువేయించి, కత్తిరించి, కీబోర్డుల మీది ఇంగ్లీషు అక్షరాలు కనబడకుండా ఒక్కొక్కటే అంటించాను. అచ్చం పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టే.

మర్నాడు అందరికంటే పెద్దావిడ పైడమ్మ వచ్చి, కీబోర్డును రెండు వైపులా తిప్పి చూసింది.

“ఏటి బాబూ, ఈ ముగ్గులేటి?”

“తెలుగు, పైడమ్మా. మన తెలుగే.”

“మాటాడతాం గానీ సదవలేం బాబూ. ఈడే పుట్టినోళ్లం, మా బడి హిందీది. ఆడ నేర్పిన ఏబీసీడీలు వచ్చును, అవేమో నువ్వు మూసేసినావు.”

గదంతా నవ్వింది. నేను బ్లేడుతో గీకాను, కిరసనాయిలుతో తుడిచాను. ఆ జిగురు నా పట్టాకంటే గట్టిది. సరిగ్గా అప్పుడే చెన్నైలో ఇంటర్వ్యూలు వచ్చాయి. పారిపోయానని మీరంటే కాదనను. తిరిగి వచ్చింది తనిఖీ రోజునే.

ట్రస్టు తరఫున వచ్చిన బెంగాలీ దీదీ అప్పటికే కుర్చీలో ఉన్నారు. చెప్పాల్సిన క్షమాపణలను మనసులో ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టుకుంటున్నాను. ఈలోగా పైడమ్మ కీబోర్డు ముందు కూర్చుని, తెర మీదే చూపు నిలిపి, తన పేరూ పేట పేరూ టకటకా కొట్టేసింది. ఒక్క తప్పు లేదు.

“అక్షరాలు కనబడకుండా ఎలా?” అన్నాను.

“నొక్కితే తెర మీద పడతాది కదా బాబూ. ఒక్కో తలుపూ తట్టి లోపల ఎవలున్నారో సూసినాం. రోజూ గల్లీలు ఊడిసేవోళ్లం, బోర్డులు సూసుకుని ఊడుస్తామేటి? పై గల్లీ సివరిల్లు పీ. నడిమి గల్లీ మొదటిల్లు ఏ.”

దీదీ ముచ్చటపడిపోయారు. అక్షరాలు మూసేసి నేర్పాలన్న ఆలోచన ఎవరిదని బెంగాలీలో అడిగారు. పన్నెండు మంది వేళ్లూ నా వైపు తిరిగాయి. నేను వినయంగా తల వంచుకున్నాను. కాదనాల్సింది. ఎందుకంటే ఆవిడ వెంటనే, అయితే మాస్టారు కూడా ఒక వాక్యం కొట్టి చూపించాలన్నారు.

నేను రెండు వేళ్లతో, అక్షరం వెతుక్కుని కొట్టే రకం. ఆ తెలుగు అక్షరాల మధ్య మేళాలో తప్పిపోయినవాడిలా తిరిగాను. తెర మీద నా పేరు పడాల్సిన చోట ఏదో మందు పేరు పడింది.

“కింది గల్లీ బాబూ, కింది గల్లీ,” అని పైడమ్మ గుసగుసలాడుతూనే ఉంది.

వారం తర్వాత ఉత్తరం వచ్చింది. కేంద్రం మరో ఏడాది నడుస్తుంది, విద్యార్థినులు అద్భుతం. ఒకటే షరతు: మాస్టారు పైడమ్మ దగ్గర టైపింగ్ నేర్చుకోవాలి.

నేర్చుకున్నాను. నా జాబితాలో ఇప్పుడు పందొమ్మిదో ప్రశ్న ఉంది, అదే మొట్టమొదట అడుగుతాను. అది అడగకుండా ఈ జన్మలో మళ్లీ జిగురు సీసా మూత తీయను. నడిమి గల్లీ మొదటిల్లు మీద ఒట్టు.