ప్రార్థన అంశంగా పంపిన మాట

కొన్నేళ్లుగా చర్చిలో సంఘం ముందు సాక్ష్యం చెప్పడానికి నిలబడిన ప్రతిసారీ ఒక్క సంగతిని గొంతులోనే ఆపుకొంటున్నాను. ఇది చదివే మీరు నన్నెరుగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది మల్కాపురం. పక్కనున్న ఫ్యాక్టరీ నుంచి ఆరేసిన బట్టల మీద నల్లటి దుమ్ము పడుతుంటే వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాం. అడ్మిన్‌ని నేనే. మసి పట్టిన దుప్పట్ల ఫోటోలు, పిల్లల దగ్గు వినిపించే వాయిస్‌లు వచ్చి పడేవి. ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చే రోజున, ముందుగా ఎవరికీ తెలియనీయకుండా ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఆయనకే మా గోడు చెప్పాలనుకున్నాం. వెళ్లేసరికి పోలీసులున్నారు. అధికారి రాలేదు.

ఎవరో చెప్పారు. ఎవరు?

నా అనుమానం అప్పలరాజు మీదికి పోయింది. ఆ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు కూలీ. ప్రతి మెసేజీ చదివేవాడు, ఒక్క ముక్కా రాసేవాడు కాదు. మా సంఘంలో ఎవరిలోనైనా తప్పు కనబడితే ముందు ఒంటరిగా వెళ్లి అడగాలి, తర్వాత ఇద్దరు సాక్షులతో వెళ్లాలి, అప్పటికీ వినకపోతేనే అందరి ముందూ చెప్పాలి. ఆ క్రమాన్ని ఎందరికో నేర్పినవాణ్ని. నేనే దాన్ని పాటించలేదు. అతని పేరు రాసి, ద్రోహి అని పెట్టి, గ్రూపులోంచి తీసేశాను. అంత తొందరెందుకు? ఇంకెవరైనా నా వైపు చూస్తారనా?

మర్నాడు బస్టాపులో ఎదురుపడ్డాడు.

"ఏటి బావా, ద్రోహినట గదా నాను?"

"నీకే తెలియాలి."

"ఫోటో పంపడమే మా పాప నేర్పితే వొచ్చింది. గూఢచారి పని ఎవుడు నేర్పుతాడు బావా?" నవ్వాడు. నేను నవ్వలేదు. అతని ముఖం మారింది. "రాయడం రాక సదివి ఊరుకుంతన్నాను. నమ్మవా? పోనీ, మీ పెబువునే అడుగు."

అడగలేదు. ఏం జవాబు వస్తుందోనని భయపడ్డానేమో.

కొన్నాళ్లకు చర్చిలో ఒక సహోదరి పలకరించింది. ఆమె భర్త ఆ గేటు లోపల ఆఫీసరు. ఆ రోజు మాకు దెబ్బలు తగలకుండా చూడమని ముందే భర్తను బతిమాలిందట. మీకెలా తెలిసిందని అడిగాను. మీరే ప్రార్థన అంశం పెట్టారు కదా అంది. ఏ పని తలపెట్టినా సంఘం ప్రార్థన గ్రూపులో చెప్పుకోవడం మా అలవాటు. ముందు రోజు నేనే చోటూ వేళా రాసి, ప్రార్థించమని అడిగాను. ఆమెకు వందనాలు చెప్పి ఇంటికొచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత మా మల్కాపురం గ్రూపు మూగబోయింది. జనానికి ఓపిక లేదన్నారు కొందరు. నేనూ తలూపాను. రండి, మాట్లాడండి అని రోజూ మెసేజీలు పెట్టాను. కానీ నాకు తెలుసు. రాస్తే ఎవరికి చేరుతుందో అని భయం, రాయకపోతే ద్రోహి అంటారని భయం. ఒకర్నొకరు అలా చూసుకోవడం నేను నేర్పిందే. దాన్ని విప్పకుండా ఎన్ని పిలుపులిచ్చి ఏం లాభం?

ఈ ఉదయం అప్పలరాజు ఇంటికి ఒంటరిగా వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. లోపలికి రమ్మనలేదు. వాళ్లావిడ ఇంకా ఆ గ్రూపులోనే ఉందని మాత్రం చెప్పాడు. ఆ రోజు నేను రాసింది ఆవిడ చదివింది.

క్షమించమని అడగలేదు. ఇది మీకు రాయడంలోనూ మెప్పు వెతుక్కుంటున్నానేమోనని నా మీద నాకే అనుమానం. అయినా మధ్యాహ్నం అదే గ్రూపులో పెట్టాను. పెట్టిన మాట ఇది: అప్పలరాజు కాదు, బయటికి చెప్పింది నేను, తెలిశాక దాచింది కూడా నేనే.